నాలుగు మళ్ల తల

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథ ముగిసేసరికి నా తల మీద ఒక్క వెంట్రుక కూడా మిగలదు. ఎడమ చెవి మీద మాత్రం మిగులుతుంది. పరువు సంగతి మీరే చూద్దురు గాని.

అప్పుడు నాకు ముప్ఫై మూడేళ్లు. తిరుపతిలో ఒక కాలేజీలో లైబ్రేరియన్‌ని. పుస్తకాన్ని దాని అరలో పెట్టడం తప్ప లోకంలో మరే పనీ సరిగ్గా రాదు. అప్పటికే ఆరు సంబంధాలు వచ్చి వెళ్లాయి. ఎవరూ కారణం చెప్పలేదు. ఫోటో చూసి వచ్చారు, తల చూసి వెళ్లారు. ఆ ఫోటో ఐదేళ్ల నాటిది. అందులో నాకు జుట్టు ఉంది.

ఏడో సంబంధం చిత్తూరు నుంచి వచ్చింది. అమ్మాయి పేరు సుగుణ. మేనమామ దగ్గరే పెరిగి, చదువయ్యాక ఆయన అంగడి చూసుకుంటోందని మధ్యవర్తి చెప్పాడు. ఏం అంగడి అని నేను అడగలేదు. ఈ కథలో నేను చేసిన తప్పులన్నింటిలో అదే పెద్దదని తర్వాత తెలిసింది. నా బుద్ధి అప్పుడు మధ్యవర్తి చెప్పిన ఇంకో మాట దగ్గర ఆగిపోయి ఉంది. నా ఫోటో చూసి అందరూ జీతమెంత అని అడిగితే, ఆ అమ్మాయి "వెనక అరలో ఉన్నవి ఏం పుస్తకాలు?" అని అడిగిందట.

ఆ ఒక్క ప్రశ్నతో ఈ సంబంధం తప్పిపోకూడదని నిశ్చయించుకున్నాను. మూఢం నడుస్తోంది కాబట్టి పెళ్లిచూపులకు మూడు నెలల గడువు ఉంది. ఆలోపు నా తలను ఆ ఫోటో స్థాయికి తీసుకుపోవాలి.

ఫోన్‌లో నాలుగు యాప్‌లు దించుకున్నాను. మొదటిది సౌందర్య సామగ్రి అమ్మేది. తెరవగానే తెరంతా గులాబీ రంగు. "హాయ్, బ్యూటిఫుల్!" అని పలకరించింది. ముప్ఫై మూడేళ్లలో నన్ను ఆ మాట అన్నవాళ్లు లేరు. అప్పుడే దానికి ఐదు మార్కులు వేశాను. రెండోది మందులది. అది పలకరించలేదు, నా వయసు అడిగింది. మూడోది మూలికలది, తెరిస్తే వేణువు వినిపించేది. నాలుగో దాంట్లో చెప్పుల నుంచి చీపుళ్ల దాకా అన్నీ ఉన్నాయి, వాటి మధ్యలో జుట్టు మొలిపించే సీరమ్ కూడా ఉంది.

అందరిలాగా ఏదో ఒకటి కొనేసి ఉంటే ఈ కథ లేదు. నేను పోల్చడం మొదలుపెట్టాను. లైబ్రరీలో మిగిలిపోయిన కేటలాగు కార్డులు తెచ్చుకొని, ఒక్కో సీసాకు ఒక్కో కార్డు రాశాను. కొన్నవాళ్ల అభిప్రాయాలు రాత్రీ పగలూ చదివాను. ఒకాయన "పది రోజుల్లో తల అడవి అయింది" అన్నాడు. కిందనే ఇంకొకాయన "ఉన్న అడవి కూడా పోయింది" అన్నాడు. మూడో ఆయన "ఇంకా వాడలేదు, అద్భుతం" అని రాసి ఐదు నక్షత్రాలు ఇచ్చాడు. నాలుగో ఆయనకు మూత నచ్చిందట. నేను వీళ్లందరి మాటలూ కార్డుల మీద ఎక్కించాను. మూత సంగతి కూడా.

మా నాయన గురించి చెప్పాలి. కాణిపాకం పక్కన మెట్ట చేలో జీవితమంతా వేరుశనగ పండించి, మోకాళ్లు మొరాయించాక నా దగ్గరికి వచ్చి ఉంటున్నాడు. తెల్లారి లేచినప్పటి నుంచి పడుకునే దాకా తలకు తువ్వాలు చుట్టుకొనే ఉంటాడు. మూడు వారాలు నన్ను గమనించి, ఒకరోజు అడిగాడు.

"ఏందిరా సీనా, మూడు వారాలుగా ఆ ఫోను రుద్దతానే ఉండావు?"

"పోలుస్తున్నాను నాయనా."

"ఏంటిని?"

"జుట్టు మందుల్ని. నాలుగు యాప్‌లలో."

"సందు మొదట్లో మందుల అంగడి ఉండాది కదరా. పోయి ఒక మాట అడిగితే పోలా?"

"అంగడాయన ఒక్కడే చెబుతాడు. ఇక్కడ లక్షమంది చెబుతున్నారు."

"లచ్చమందికి లచ్చ తలకాయలు ఉండాయి. నీకు ఉండేది ఒకటే కదరా."

ఆ మాట నా చెవిలో పడింది. అప్పటికింకా ఆ చెవి మీద అడ్డం ఏమీ లేదు. పడినా లోపలికి పోలేదు. పైగా ఆయన మాటతోనే నాకు ఒక ఆలోచన వచ్చింది. తల ఒకటే, సీసాలు నాలుగు. మా చేలో ఒకసారి విత్తనాల వాళ్లు వచ్చి నాలుగు మళ్లు చేసి, నాలుగు రకాల విత్తనం వేసి, ఏది బాగా వస్తుందో పక్కపక్కనే చూపించారు. తల మాత్రం భూమి కాదా?

నాలుగు సీసాలూ తెప్పించాను. ముక్కు నుంచి మెడ దాకా ఒక గీత, చెవి నుంచి చెవికి ఒక గీత అనుకొని తలను నాలుగు మళ్లు చేశాను. ముందు కుడి మడికి మందుల యాప్ వారి నీళ్ల మందు. ముందు ఎడమ మడికి గులాబీ యాప్ వారి ఎర్రగడ్డ నూనె, అంటే ఉల్లిపాయ నూనె. వెనక కుడికి వేణువు వారి ఆకుపొడి. వెనక ఎడమకు చీపుళ్ల వారి సీరమ్. అద్దం ముందు నిలబడి దూదితో పూసుకుంటుంటే నాయన వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"మళ్లు బాగానే పోసినావు. గట్లు యాడ?"

"తలకు గట్లేంటి నాయనా?"

"గట్లు లేకుండా నీళ్లు పెడితే పై మడిది కింద మడికి పోతాది. నీరు పల్లమెరుగు."

"ఇది నీరు కాదు, సీరమ్."

"అయితే అదేమన్నా సదువుకున్న నీరా? పల్లం కనపడితే మర్యాదగా నిలబడేదానికి?"

నేను పూయడం ఆపలేదు. చదువుకున్నవాడు చదువులేనివాడి మాట వినకపోవడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు.

రెండు నెలలు సేద్యం చేశాను. పంట వివరాలు ఇవి. మొదటి మడిలో ఉన్న జుట్టు ఊడింది. "మొదట ఊడుతుంది, తర్వాత మొలుస్తుంది" అని ఎవరో రాశారు కదా అని సంతోషించి, రోజుకు ఒకసారి పూయాల్సింది మూడుసార్లు పూశాను. దద్దురు లేచింది. రెండో మడిలో మార్పు లేదు గానీ వాసన వచ్చింది. లైబ్రరీలో పిల్లలు నా బల్ల దగ్గరికి రావడం మానేశారు. ఒక లెక్చరరు లోపలికి వచ్చి, "ఈరోజు ఎవరు ఎర్రగడ్డల ఉగ్గాని తెచ్చారు?" అని అడిగింది. మూడో మడి ఇటుక రంగుకు తిరిగింది. జుట్టూ, కింద చర్మమూ కూడా.

ఇక నాలుగో మడి. సీరమ్ నిజంగా పనిచేసింది. ఆ మాట ఒప్పుకోవాలి. అయితే నేను ఎడమ పక్కకు తిరిగి పడుకునే మనిషిని. నీరు పల్లమెరుగు, సీరమ్ చెవెరుగు. తలలో ఎక్కడా రాని పంట నా ఎడమ చెవి మీద వచ్చింది. నల్లగా, ఒత్తుగా, ఆరోగ్యంగా. ఫోటోలో ఉన్న జుట్టు లాంటిదే.

పెళ్లిచూపులకు మూడు రోజులున్నాయనగా అద్దం ముందు కూర్చొని, "నాయనా, సంబంధం వద్దని చెప్పించేయండి" అన్నాను. ఆయన వెక్కిరించలేదు. కాసేపు నా తల చుట్టూ తిరిగి చూశాడు.

"లెయ్. కొండకు పోదాం పా."

"ఎందుకు?"

"గుండు కొట్టించుకో. మనూళ్లో గుండును చూసి ఏమైందని అడిగేవాడు యాడన్నా ఉండాడా? దర్శనం బాగా అయిందా అంటారు, అంతే."

ఎంత చదివినా నాకు తట్టని మాట అది. చూపులకు ముందు రోజు కొండెక్కాం. కల్యాణకట్టలో రోజూ వందల తలలు చూసే చెయ్యి నా తల మీద ఆగిపోయింది.

"ఏం సామీ ఇది? ఎవురన్నా సగంలో వదిలేసి పోయినారా?"

"లేదు. పోలుస్తున్నాను."

క్షురకుడు నాయన వైపు చూశాడు. "కోసేయప్పా," అన్నాడు నాయన. "ఇత్తనం మంచిది కాదు."

అయిదు నిమిషాల్లో అయిపోయింది. చెవి చూపించాను. "అది మాది కాదు సామీ. మేము తలకాయ వరకే," అన్నాడాయన.

గుండు అయ్యాక కష్టం తీరిందనుకున్నాను. తీరలేదు. జుట్టు పోయింది గానీ మళ్లు పోలేదు. ఒకచోట దద్దురు, ఒకచోట నూనె జిడ్డు, ఒకచోట ఇటుక రంగు. పటంలో నాలుగు రాష్ట్రాల్లా ఉన్నాయి. నాయన చందనం దట్టంగా పట్టించాడు. మర్నాడు చిత్తూరు బస్సు ఎక్కాం.

కింద అంగడి, మిద్దె మీద ఇల్లు. నేను తల దించుకొని మెట్లెక్కాను కాబట్టి అంగడి బోర్డు చూడలేదు. ఎండాకాలం. లోపల ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి దానికి సహకరించడం లేదు. సుగుణ మేనమామ నన్ను చూసి ముచ్చటపడిపోయాడు.

"పెండ్లిచూపులకు గుండుతో వచ్చినాడు సూడు! ఈ కాలంలో ఎంత భక్తి ఉండాల! ఏం మొక్కబ్బా?"

"లోకక్షేమం కోసమండి," అన్నాను.

నాయనకు పొలమారింది.

సుగుణ కాఫీ తెచ్చింది. అందరికీ ఇచ్చి, నా కుర్చీ పక్కన నిలబడింది. ఆమె నిలబడి ఉంది, నేను కూర్చొని ఉన్నాను. నా తల ఆమెకు పరచిన కాగితంలా ఉంది. అప్పటికే చెమటకు చందనం కరిగి మెడ వెనక్కి దారి చూసుకుంటోంది. ఆమె కదలకపోవడం చూసి నచ్చానేమో అనుకున్నాను.

"మామా, ఆ ట్యూబులైటు కొంచెం వెయ్యి," అంది.

లైటు వెలిగింది.

"ఒక మాట అడగొచ్చునా?"

"అడగండి."

"ముందర కుడిపక్కన పూసే మందు వాడినారు. రోజుకు ఒకసారి పూసేదాన్ని మూడుసార్లు పూసినారు. అవునా?"

ఆ సంగతి నాయనకు కూడా తెలియదు. నేను కాఫీలోకి చూశాను.

"ఎడమపక్కన ఎర్రగడ్డ నూనె. దాన్ని చూడక్కర్లా, వాసనొస్తాండాది. ఎనకాల కుడిపక్కన ఆకుపొడి అని అమ్మేది. అది రంగు. ఈ పక్కనేమో..." అని వంగింది. చెవి దగ్గర ఆగింది. చేతిలో పళ్లెం గడగడ వణికింది. నవ్వు ఆపుకుంటోందని నాకు అర్థమైంది. "లోకక్షేమం చెవి మీద మొలిచిందా అండీ?"

"మీకు ఇవన్నీ ఎలా తెలుసు?"

మేనమామ ఆశ్చర్యపోయాడు. "అదేందబ్బా, కింద మందుల అంగడి నడిపేది ఆ పిల్లే కదా. మీకు చెప్పలేదా?"

నాలుగు యాప్‌లు పోల్చినవాణ్ణి. మూత గురించి కూడా రాసుకున్నవాణ్ణి.

"అది మొక్కేనండి," అన్నాను, చివరి ప్రయత్నంగా.

"సరే. కాణిపాకం ఈడికి దగ్గరే. ఆటో పిలిపిస్తా. వినాయకుని ముందర అదే మాట చెప్పేయండి."

మా వైపు మనుషులకు ఇది వివరించక్కర్లేదు. మిగతావారికి చెబుతున్నాను. కోర్టులో అబద్ధమాడినవాళ్లు మా జిల్లాలోనూ ఉన్నారు. కాణిపాకంలో ప్రమాణం చేసి అబద్ధమాడేవాణ్ణి మాత్రం నేను చూడలేదు. కప్పు కింద పెట్టి అంతా చెప్పేశాను. యాప్‌లు, కార్డులు, మళ్లు, గట్లు, ఆరు సంబంధాలు.

"అంటే ఆ ఫోటో?" అన్నాడు మేనమామ.

"ఐదేళ్ల నాటిది."

ఆయన ముఖం మారింది. ఏడో సంబంధం కూడా మెట్లు దిగిపోతున్నట్టే అనిపించింది. నేను లేవబోయాను.

"పుస్తకాలు?" అంది సుగుణ.

"ఏ పుస్తకాలు?"

"ఫోటోలో ఎనకాల ఉండేటివి. అవన్నా ఉండాయా?"

"ఉన్నాయి. అదే అరలో. వాటిని నేను పోల్చలేదు, చదివాను."

"అయితే సరే మామా," అంది.

ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఏదన్నా మందుల అంగడికి పోయి ఒక్క మాట అడిగుంటే ఇంత సేద్యం తప్పేది కదండీ," అంది.

"అడిగితే ఏం చెప్పేవారు?"

"మీ నాయన తలగుడ్డ తీయించి చూసేదాన్ని."

అందరూ నాయన వైపు చూశారు. ఆయన నిదానంగా తువ్వాలు విప్పాడు. తోమిన కంచు చెంబులాంటి తల ట్యూబులైటు కింద మెరిసింది.

"ముప్పై యేండ్లుగా శాంపిలు ఇంట్లోనే ఉండాదిరా," అన్నాడు. "నువ్వు ఫోన్లో ఎతుకుతాండావు."

పెళ్లయింది. ఆ తర్వాత ప్రతి పెళ్లిలోనూ, ప్రతి సీమంతంలోనూ నాయన ఈ కథ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ నా చెవి మీద పంట ఒక అంగుళం పెరిగేది. ఆఖర్న నా తల దగ్గరికి వంగి, గట్టిగా వాసన చూసి, "రెండో మడిలో ఇంకా ఎర్రగడ్డ వాసన పోలేదు," అని ముగించేవాడు.

పోయిన ఏడాది నాయన పోయాడు. పదో రోజున ఏటి ఒడ్డున నాకు మళ్లీ గుండు చేశారు. స్నానం చేసి తడి బట్టలతో వచ్చి కూర్చున్నాను. చుట్టూ చుట్టాలు ఉన్నారు. సుగుణ నాయన తువ్వాలు ఇవ్వడానికి వచ్చి, నా తల దగ్గరికి వంగి, నాకు మాత్రమే వినపడేలా అంది.

"రెండో మడిలో ఇంకా ఎర్రగడ్డ వాసన పోలేదు."

తల వంచుకున్నాను. భుజాలు ఆగలేదు. ఏడుస్తున్నాననుకొని ఎవరో మంచినీళ్లు తెచ్చారు. వాళ్లు పూర్తిగా పొరబడలేదు.

ఆ తువ్వాలు అప్పటి నుంచి నేనే చుట్టుకుంటున్నాను. ఈ కథ కూడా నా చేతికే వచ్చింది కాబట్టి, పద్ధతి ప్రకారం ముగిస్తాను. కాణిపాకం వినాయకుని మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో తలకు గానీ, ముఖానికి గానీ, కాలి గోటికి గానీ పూసే ఏ వస్తువునూ ఏ రెండు యాప్‌లలోనూ పోల్చను. ఏది కావాలన్నా ఇంట్లో ఉన్న మందుల మనిషినే అడుగుతాను.

ఎడమ చెవి మీద పంట మాత్రం ఇన్నేళ్లయినా ఆగలేదు. దానికి ఒక ట్రిమ్మరు కొనాలి. మూడు యాప్‌లు తెరిచాను.

పోల్చలేదు. చూశానంతే.