ఫెలోషిప్ అక్క

వీధిలో అందరూ ఆమెను ఫెలోషిప్ అక్క అనేవాళ్లు. చదువు అయిపోయినప్పటి నుంచి ఆమె చేసినవన్నీ ఏడాదేసి ఫెలోషిప్పులే మరి. ఒక ఏడాది కుట్టుపని చేసే ఆడవాళ్లతో సంఘం పెట్టించింది. మరో ఏడాది బళ్లలో మరుగుదొడ్ల బాగోగులు చూసింది. చివరిది వార్డు ఆఫీసులో, నీళ్ల ఫిర్యాదులు వినే పని. ఎక్కడైనా అంతే, జనం ఆమెతో నోరు విప్పి మాట్లాడటం మొదలుపెట్టేసరికి గడువు తీరిపోయేది. సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపించేసేవాళ్లు.

ఇంకో ఫెలోషిప్ ఇంటర్వ్యూకి బయల్దేరుతుంటే చెల్లెలు నిట్టూర్చింది. "అక్కా, మళ్లీ మొదటికేనా?"

"ఏం చేయనే, అదొక్కటే అలవాటైంది."

ఇంటర్వ్యూ గదిలో పెద్దాయన అడిగాడు. "ప్రజాసేవలోకి ఎందుకు రావాలనుకుంటున్నారు?"

ఆ జవాబు ఆమెకు కంఠతా వచ్చు. కానీ ఈసారి చెప్పబుద్ధి కాలేదు.

"వచ్చి చాలా కాలమైందండీ. ఇప్పుడు ఒకచోట ఉండిపోవాలని ఉంది. ఏడాది తర్వాత కూడా ఉంచుకుంటారా?"

"మాది ఏడాదేనమ్మా. కొత్తవాళ్లకీ అవకాశం ఇవ్వాలి కదా," అన్నాడాయన నొచ్చుకుంటూ.

ఆమె దండం పెట్టి లేచి, తిన్నగా వార్డు ఆఫీసుకే వెళ్లింది.

"ఫిర్యాదుల గుమాస్తా పనికి ఎవరూ రావట్లేదన్నారుగా సార్, నేను చేస్తాను."

ఆఫీసరు కళ్లజోడు తీసి చూశాడు. "నీ చదువుకి ఇదేం పనమ్మా? జీతం అంతంతమాత్రం, పొద్దస్తమానం తిట్లు."

"ఎన్నాళ్లుండొచ్చు?"

"నీకు ఓపికున్నన్నాళ్లు."

"అదీ పెద్దగా లేదు సార్," అంటూనే కుర్చీ లాక్కుని కూర్చుంది. కుళాయి రావట్లేదని కిటికీ అవతల ఒక ముసలాయన అప్పటికే కేకలేస్తున్నాడు.