కొంప మునిగింది మాస్టారు

ల్యాబు మాస్టారి లెక్కలో ఏం జరిగినా, ఏం జరగకపోయినా, కొంప మునిగినట్టే. బీరువా తాళం ఒక చుట్టు తక్కువ తిరిగితే కొంప మునిగింది. ఫ్రీజర్ చప్పుడు చేస్తే కొంప మునిగింది, చెయ్యకపోతే మరీ మునిగింది. సొంత పెళ్లికి నాలుగు గంటల ముందే వెళ్లి కూర్చుని, “పెళ్లికూతురు రాలేదు, కొంప మునిగింది” అన్నాడని ఆయన భార్యే చెప్పేది.

ఆ కంగారంతా పరిశోధన చేసే అమ్మాయి నెత్తిన పడేది. ఆమె పనే గుండెదడ వ్యవహారం. గడ్డిని యాసిడ్‌లో ఉడికిస్తే తీపి రసం వస్తుంది. ఆ చక్కెర తిని బ్యాక్టీరియా బండ్లకు ఇంధనం తయారుచేస్తుంది. అయితే ఆ ఉడుకులోనే విషమూ పుట్టి, తిన్నది తిన్నచోటే చస్తుంది. ఆమె దాని జన్యువులు మార్చి, ఎనిమిది నెలలుగా రోజుకింత విషం పెంచుతూ అలవాటు చేస్తోంది.

“మూత బిగించావామ్మా?”

“బిగించాను మాస్టారూ.”

“మళ్లీ చూడు. ఏదీ, ఫ్లాస్కులోంచి ఒక్క చుక్క ఇలా పొయ్యి.”

“నిన్న కూడా పోశాగా! ఏం చేసుకుంటారు?”

“ఏదో, తోచక.”

మాస్టారు ఆ చుక్కలతోనే స్కూటరు నడుపుతున్నాడని అందరూ నవ్వేవాళ్లు.

పరీక్షకులు రావడానికి ఇంకా నాలుగు రోజులున్నాయనగా, ఆ భయంలో అమ్మాయి చుక్కలు కొలిచే చిన్న పిపెట్ బదులు పెద్దది తీసి విషం పోసేసింది. పొద్దున్నే చూస్తే ఫ్లాస్కుల్లో నురగ లేదు. మైక్రోస్కోపు కింద కదలిక లేదు. విడిగా నమూనా దాచిందా అంటే, రేపు దాద్దాంలే అనుకుంటూ ఎనిమిది నెలలు గడిపేసింది. ఇక డిగ్రీ మాట మర్చిపోవడమే.

“మాస్టారూ, కొంప మునిగింది” అని, ఆయన కేకకు సిద్ధపడి కళ్లు మూసుకుంది.

కేక రాలేదు. ఆయన కుర్చీ లాగాడు. “కూర్చోమ్మా. ఏమీ మునగలేదు.”

ఆ మాట ఆయన నోట ఎన్నడూ వినలేదేమో, ఆమెకు ఇంకా భయం వేసింది.

మాస్టారు ఫ్రీజర్ అడుగు నుంచి ఒక డబ్బా తీశాడు. నిండా వేలెడంత ట్యూబులు, ఒక్కోదాని మీద ఆమె పేరు, తేదీ. పక్కన మిగతా పిల్లల డబ్బాలు.

“ఇది మొన్న నువ్వు పోసిన చుక్క. రెండు రోజుల్లో లేచి కూర్చుంటుంది.”

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“చెబితే ధీమా వస్తుంది. ధీమా వస్తే మూత బిగించరు.”

“ఇవాళ కంగారు పడలేదే మీరు?”

“మునిగాక అరిచి ఏం లాభమమ్మా? అరవాల్సింది ముందు.”

ఆమె కళ్లు తుడుచుకుని ట్యూబు అందుకుంది.

“రెండు చేతులతో! జారిందంటే కొంప మునుగుతుంది!”

ఆమె రెండు చేతులతో పట్టుకుంది. మూత కూడా మళ్లీ ఒకసారి బిగించి చూసింది.