మరియమ్మ పట్టించిన పంచదార నీళ్ళు

2023 ఆగస్టు. బందరులోని ఒక షుగర్ ఆసుపత్రిలో నేను నర్సుని. ఇన్సులిన్ ఎలా వేసుకోవాలో, ఏం తినాలో రోగులకు నేర్పడం నా పని. నాకు నోరు కాస్త ఎక్కువేనని పేరు. మాట వినకపోతే ఎవరినైనా కడిగేస్తాను.

ఆ రోజు పెడన నుంచి మరియమ్మ, కూతురు గ్రేసీ వచ్చారు. మరియమ్మ కలంకారీ బట్టల మీద అచ్చులు వేస్తుంది. గ్రేసీకి చిన్నప్పటి నుంచీ టైప్ వన్ డయాబెటిస్. అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుకాదు, సూదితో వేసుకోవాల్సిందే. విశాఖలో ఇంజినీరింగ్ సీటొచ్చింది, ఆదివారమే ప్రయాణం. హాస్టల్‌కి వెళ్ళేముందు అన్నీ ఒకసారి చూడమని డాక్టరుగారు నా దగ్గరికి పంపారు.

పిల్ల చురుకైనది. సూది తనే వేసుకుని చూపించింది. డోసులు గడగడా చెప్పింది. నేను మురిసిపోయాను.

"మరి లో అయితే?" అన్నాను. రక్తంలో షుగర్ బాగా పడిపోవడాన్ని మేము లో అంటాం.

"చెమటలు పడితే గ్లూకోజ్ తింటానండీ. రాత్రిళ్ళు మాత్రం నాకెప్పుడూ అవలేదు సిస్టర్," అంది గ్రేసీ.

మరియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అవుద్దండి," అంది మెల్లిగా. "వారంలో రెండు మూడుసార్లన్నా అవుద్ది. మెడ కింద తడిమి చూస్తానండి. చల్లగా, తడిగా ఉంటే పంచదార నీళ్ళు పట్టిస్తాను. నిద్రలోనే తాగేసి పడుకుంటది. పొద్దున్నకి దానికి గుర్తుండదు."

ఓరి దేవుడా! నిద్రలో పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయుంటే? రేపు హాస్టల్లో ఆ మెడ తడిమేదెవరు?

"ఇన్నేళ్ళూ డాక్టరుగారికి ఒక్క ముక్క చెప్పలేదేంటమ్మా? చెబితే రాత్రి డోసు తగ్గించేవారు కదా! పిల్ల ప్రాణంతో ఆటలా?" అని అరిచేశాను. పక్క గదిలోంచి ఆయా తొంగిచూసింది.

"తల్లి చేసుకునే పనే కదా, చెప్పేదేముంది అనుకున్నానండి. దానికి తెలిస్తే భయంతో నిద్రపోదని కూడానూ," అంది మరియమ్మ. "ఆ హాస్టల్లో వంటపనికి పెట్టుకోమని అడిగొచ్చానండి. రాత్రి దాని పక్కన పడుకోనిస్తే జీతం కూడా వద్దన్నాను. కుదరదన్నారు."

గ్రేసీ తల్లి మొహంలోకే చూస్తూ అడిగింది: "అమ్మా, మరి నువ్వెప్పుడు పడుకునేదానివి?"

"మధ్యాహ్నం బట్టలు ఆరేటప్పుడు ఓ కునుకు తీసేదాన్నిలే."

గ్రేసీ భోరుమంది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు!

డాక్టరుగారు ప్రయాణం వాయిదా వేయించి, రాత్రి డోసు తగ్గించి, పడుకునేముందు తప్పకుండా పరీక్ష చేసుకోమన్నారు. హాస్టల్లో గ్రేసీ గదిలో ఉండబోయే అమ్మాయికి విషయం చెప్పేదాకా నేను ఊరుకోలేదు. నేను నేర్పించాక, ఫోన్లో మరియమ్మే ఆ పిల్లకి చెప్పింది: "పిలిచినా సరిగ్గా లేవకపోతే నోట్లో ఏం పొయ్యొద్దమ్మా, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. నీకు పుణ్యముంటది తల్లీ."

అప్పటి నుంచీ, ఇల్లు వదిలి చదువుకు వెళ్ళే పిల్లలెవరొచ్చినా, సూది సంగతి తర్వాత చూస్తాను. ముందు తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతాను: "పిల్ల నిద్రపోయాక మీరేం చేస్తున్నారమ్మా?"