మోకు జారిన పొద్దు

సిద్దిపేటలో నా పంక్చర్ దుకాణం గోడకు ఒక పాత మోకు వేలాడుతుంటుంది. ముసురు పట్టిందంటే చాలు, రబ్బరు వాసననూ సొల్యూషన్ వాసననూ పక్కకు నెట్టి దానిలోంచి పులిసిన కల్లు వాసన లేస్తుంది. చూసినవాళ్లు బండ్లు గుంజే తాడనుకుంటారు. "ఔ, మా బాపును మోసిన తాడు" అంటే నవ్వి ఊరుకుంటారు. మొన్న అట్లాంటి ముసురులోనే ప్లాట్లు అమ్మే ఒకాయన వచ్చి, నేను బండికి గాలి కొట్టేలోపు కోహెడ దగ్గరి మా ఊళ్లో వెంచర్ పడింది చూడమని ఫోన్ నా ముందు పెట్టాడు. డ్రోన్‌తో తీసిన వీడియో. నేల ఒక్కసారిగా కిందికి జారిపోయింది, చెలకలు గళ్ల లుంగీలా పరుచుకున్నాయి, నా అరికాళ్లు చల్లబడ్డాయి. చేతులు వాటంతటవే నడుము చుట్టూ తాడు కోసం తడుముకున్నాయి.

మా బాపు కల్లు గీసేవాడు. చెట్టునూ మనిషినీ కలిపి చుట్టే ఆ మోకు మీద వెనక్కి వాలి, కాళ్లకు చిన్న తాడు తగిలించుకుని, కప్పలా ఎగురుతూ తాడిచెట్టు ఎక్కేవాడు. ఎక్కేముందు చెట్టును ముట్టి చెట్టెక్కేవాళ్ల దేవుడు కాటమయ్యను తలచుకునేవాడు, దిగాక మొదటి కల్లు చుక్కలు నేలకు సాక పోసేవాడు, మధ్యలో ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. ఎండాకాలం వచ్చిందంటే ఇల్లంతా కల్లు నురగ వాసన, ముంజల నీళ్లతో జిగటైన చేతులు, ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కలు, పొయ్యి మీద అంచులు మాడుతున్న సర్వపిండి, ముంజలు తినేసిన బుర్రలకు పుల్ల గుచ్చి మేము వాడంతా తోలే బండ్లు. మా అమ్మను అవ్వ అనేవాళ్లం, ఆమె మాత్రం బాపు తాటివనానికి పోయింది మొదలు వాకిలి ఊడుస్తూనే ఉండేది. "మనింట్ల పల్లెం దండుగనే అవ్వా, వాకిట్లనే బువ్వ ఏస్కొని తినొచ్చు" అని నేను ఎక్కిరిస్తే, "నోర్మూస్కొని గటక తిను" అనేది, తల తిప్పకుండానే.

నోరు అంత పెద్దదైనా నా గుండె చిన్నది. లెక్కల సారు దగ్గితే భయం, కాపోళ్ల కోడెను చూస్తే భయం, పాడుబడ్డ బావి పక్కనుంచి పోవాలంటే మరీ భయం. జోకులన్నీ ఆ భయానికి కప్పిన దుప్పట్లే. ఈత చెట్లు ఎక్కడం వచ్చాక బాపు ఒక పొద్దున నన్ను తాడిచెట్టుకు తీసుకుపోయాడు. ముందు ఆయన, వెనుక నా మోకుతో నేను. చెట్టు కొసకు చేరాక మట్టలు దాటి పైకి పోవాలంటే మోకు విప్పక తప్పదు. విప్పి ఒక పచ్చి మట్టకు తగిలించడం ఆయన రోజూ చేసే పనే. ఆ రోజు కిందున్న నన్నే చూస్తూ ఎండుమట్టకు తగిలించాడు. మట్ట పుటుక్కుమంది. మోకు నా భుజం పక్కనుంచి పాములా జారిపోయింది. అది నేలకు తాకిన చప్పుడు ఎంతసేపటికి వచ్చిందో, అప్పుడు తెలిసింది నాకు మేము ఎంత ఎత్తున ఉన్నామో.

"బాపూ, నీ మోకు."

"చూసిన తియ్. ఇగ నువ్వే దిగాలె. దిగి చిన్నాయినను పిల్సుకరా."

బాపు తమ్ముడు, మా చిన్నాయిన, వనానికి అవతలి కొసన ఇంకో చెట్టు మీద ఉన్నాడు. గాలికి అరుపు అటు పోదు.

"ఒక్కణ్నా? నాతోని కాదు. ఇద్దరం గీడనే ఉందాం, ముంజలు తినుకుంట."

బాపు నవ్వాడు. కానీ నా తలకు పైన, మట్టల మధ్య ఆయన పిక్క సన్నగా వణుకుతోంది. బాపుకు కూడా భయమేస్తుందని నేను అంతవరకు ఎరగను.

"కింద చూడకు. దూరం చూడు. ఏమేం కానొస్తున్నయో చెప్పుకుంట దిగు."

దూరం చూశాను. బడి అగ్గిపెట్టెంత ఉంది. దాని ముందు తెల్లటి బియ్యపు గింజ ఒకటి అటూ ఇటూ కదులుతోంది, లెక్కల సారు. కోడె చింతగింజంత. బావి సూది బెజ్జమంత. ఎవరి గోడ ఎక్కడ అయిపోయి ఎవరిది మొదలైందో తెలియలేదు. రోజూ గెట్ల కోసం కొట్లాడుకునే చెలకలు ఒక్కటే గుడ్డలా ఉన్నాయి. వీటికా నేను ఇన్నాళ్లు వణికింది అనిపించింది. ఆ మాట అనుకుంటూనే వణుకుతున్నాను.

"మనిల్లు కానొచ్చిందా? అవ్వ ఏం జేస్తుంది?"

"ఊడుస్తుంది."

"మంచిగ జూడు."

చూశాను. మా ఇల్లు వనం అంచునే. చీపురు చేతిలో ఉంది, కానీ కదలడం లేదు. మొహం వనం వైపు ఉంది.

"నేను దిగేదాంక గామె గట్లనే నిలవడ్తది. ఇయ్యాల ఇద్దరమున్నం. పో బిడ్డా."

దిగాను. మోకు జరుపుతూ, మళ్లీ వాలుతూ, బడి, కోడె, బావి అని బొంగురు గొంతుతో చెప్పుకుంటూ. ఒక్కొక్కటీ మళ్లీ పెద్దదవుతూ వచ్చింది. కాలు నేలకు ఆనాక సగం దూరం పాకి, సగం దూరం ఉరికి చిన్నాయినను పిలుచుకొచ్చాను. మేము వచ్చేసరికే అవ్వ చెట్టు కింద ఉంది, చీపురుతో సహా. చిన్నాయిన బాపు మోకును భుజాన వేసుకుని ఎక్కాడు. ఇద్దరూ దిగేదాకా నా ప్రాణం కూడా పైనే ఉంది. బాపు దిగి, ఆ పొద్దు చుక్కలు కాదు, లొట్టిలోని కల్లు సగం నేలకు సాక పోశాడు. అవ్వ చీపురుతో నా వీపు మీద ఒకటి చరిచి, చరిచిన చోటే నిమిరింది.

ఆ తర్వాత లెక్కల సారు ఎంత అరిచినా బియ్యపు గింజే కనిపించేది, నవ్వు ఆగేది కాదు. అగ్గిపెట్టెంత బడిలో నేను ఎక్కువ కాలం పట్టలేదు, సారుకూ అదే మంచిదనిపించింది. చిన్న భయాలన్నీ ఆ చెట్టు మీదే రాలిపోయాయి. వాటి జాగలో ఒక్కటి వచ్చి కూర్చుంది, ఎక్కిన బాపు దిగుతాడో లేదోనని. మరునాటి నుంచి మా వాకిట్లో రెండు చీపుర్లు. బాపు ముసలివాడై, మంచం మీదే చల్లగా పోయేదాకా ఆ రెండో చీపురు నాదే. నేను నేల మీద కూర్చుని చేసే పని వెతుక్కున్నాను.

ఫోన్‌లో వనం లేదు. వరసగా పాతిన తెల్లరాళ్లు, ఎర్రమట్టి రోడ్లు, మా వాకిలి ఉన్నచోట ఒక ఆర్చి. ఎక్కడానికి ఒక్క చెట్టు లేదు, అటు చూస్తూ నిలబడే మనిషీ లేదు. వీడియో చివర డ్రోన్ కిందికి రావడం మొదలైంది. రాళ్లు పెద్దవవుతున్నాయి. నేను ఊపిరి బిగబట్టాను.

"ఏందన్నా, గట్ల చెమటలు వట్టినయ్? రేటు ఇంక చెప్పనే లేదు."

"దిగిందా?"

"ఏంది?"

"నీ కెమెరా. సక్కగ దిగిందా?"

"దిగింది తియ్యే."

అప్పుడు గాలి పైపు అందుకున్నాను.