మా ఆయన చచ్చినట్టు పడుకున్న పాట

ఆ పాటలో మా ఆయన కనిపించేది కాసేపే. ఆ కాసేపూ చచ్చినట్టు పడుకునే ఉంటాడు.

నాకు సంతకం పెట్టడం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది, అందుకే కొన్ని బూతులు మింగుతున్నాను.

నాకు పెళ్లయిన కొత్తలో మా కళింగపట్నం ఒడ్డుకి వ్యాను నిండా మనుషులు దిగారు. అప్పట్లో సినిమాతో పని లేకుండా ఉత్త పాటలే తీసి కేబుల్ టీవీలో వేసేవారు. వాటికి తలా తోకా ఉండేది కాదు. ఒకదాంట్లో కోటు వేసుకున్నవాడు చెరకు తోటలో కూర్చుని పియానో వాయిస్తాడు. ఇంకోదాంట్లో పెళ్లికూతురు అద్దం చూసుకుంటూ రైలు పట్టాల మీద నడిచి వెళ్లిపోతుంది. ఎక్కడికో ఎవరూ చెప్పరు. మేం నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం.

మా ఒడ్డున తీసింది ఇంకా విడ్డూరం. పాడేవాడికి మండుటెండలో ఎర్ర కోటు, నల్ల కళ్లద్దాలు. వాడి వెనక ఎండుచేపల మధ్య వెండి గౌన్లు వేసుకున్న ఆడపిల్లలు కాళ్లు కాలి ఎగురుతున్నారో, ఆడుతున్నారో తెలియదు. మా మగవాళ్లని ఇసకలో వరసగా పడుకోబెట్టి మొహాలకి సుద్ద పూశారు. మా ఆయన అందగాడని తెప్ప మీద పడుకోబెట్టి, గుండెల దాకా వల కప్పి, మెడలో బంతిపూల దండ వేశారు. బకెట్లోంచి పొగ వదిలారు.

మా అత్త పరుగున వచ్చింది. "ఓలమ్మో! బతికున్నోడికి దండేసి పడుకోబెడతారేటిరా? మీకేటి పోయీకాలమొచ్చింది?"

"పాటలో వీళ్లంతా ప్రేమించి చచ్చిపోయారమ్మా," అన్నాడు కెమెరా ఆయన.

"మా వోడు పెళ్లాన్ని పేమిస్తన్నాడో నేదో నాకే తెల్దు. నీకెలగ తెలిసిందిరా?"

అందరూ ఘొల్లున నవ్వారు. మా ఆయన మాత్రం కదల్లేదు. కదలొద్దన్నారు మరి.

కొన్నేళ్లకి, మా కొడుకు ఇంకా పాకుతుండగా, మా ఆయన చేపల వేటకి వెళ్లాడు. తెప్ప ఒక్కటే తిరిగొచ్చింది. దండ వేయడానికి శవం కూడా దొరకలేదు. మా అత్త పోయేదాకా ఆ పాటనే తిట్టింది. నేను తిట్టలేదు. అది టీవీలో వస్తే మాత్రం లేచి కట్టేసేదాన్ని.

తర్వాత టీవీ వాళ్లూ దాన్ని మరిచిపోయారు. ఊళ్లో అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వచ్చాక ఎవరు ఎక్కించారో, అది మళ్లీ లేచింది. అప్పటికి మా కొడుకు మీసాలొచ్చి వేటకి వెళ్తున్నాడు. వాడికి తండ్రి అంటే గోడ మీది పెళ్లి ఫొటో ఒక్కటే.

"అమ్మా, ఇక్కడ సూడు. మా అయ్య నవ్వాపుకుంటన్నాడు."

నిజమే. ముక్కులోకి పొగ పోయి మా ఆయన పెదాలు బిగపట్టాడు. మళ్లీ వెయ్యమని నేనే అడిగాను. కానీ పాట చివర తెప్ప సముద్రం లోపలికి పోతుంది. దాని మీద వల ఉంటుంది, దండ ఉంటుంది, మనిషి ఉండడు. ఎందుకలా తీశారో ఆ దేవుడికే తెలియాలి. అది వచ్చిన ప్రతిసారీ నేను మొహం తిప్పేసుకునేదాన్ని. మా వాడు మాత్రం అన్నం తింటూ అదే, వల బాగుచేస్తూ అదే.

ఆ వానాకాలం వంశధార పొంగి, సముద్రం చాలా దూరం దాకా ఎర్రబడింది. పడవలన్నీ ఒడ్డుకి లాగేశారు. పని లేని స్నేహితులు మా వాడి చుట్టూ చేరారు.

"మా అయ్య పడుకున్నట్టే పడుకుంటానమ్మా. ఈళ్లు ఫోన్లో తీస్తారు. రెండు పాటలూ పక్కపక్కన పెడతాం."

"ఒగ్గీరా బాబూ. ఏరు ఎలగ లాగతందో సూడు."

"నడుంలోతు కాడే ఆపేస్తాం. నీకన్నీ బయమే."

నేను పొయ్యి మీద కుండ దించి వెళ్లేసరికి పడవ నీళ్ల అంచుకి వచ్చేసింది. లోపల మా వాడు కళ్లు మూసుకుని, గుండెల దాకా వల, మెడలో దండ. అచ్చం ఆ పెదాలే. పక్కన ఫోన్లో ఆ పాట. కుర్రాళ్లు పడవకి భుజాలు ఆనించారు.

మా దగ్గర మొగుడు పోయిన ఆడది నీళ్లలోకి దించే పడవకి ఎదురు రాకూడదు. వస్తే ఆ పూట పడవ కదలదు. ఇన్నేళ్లూ పడవలు దించే వేళకి నేను ఇళ్ల వెనకనుంచి తిరిగి వెళ్లేదాన్ని. ఆ రోజు సూటిగా నీళ్లలోకి దిగి, పడవకి ఎదురుగా, బొట్టు లేని మొహం ఎత్తి నిలబడ్డాను.

"పిన్నీ, తప్పుకో. ఇది యాట కాదు, ఉత్త పాటే," అన్నాడు ఒకడు.

"పాటే అయితే తొయ్యండ్రా. నా మీంచి తొయ్యండి."

ఎవడూ తొయ్యలేదు. ఒక్కొక్కడే భుజం తీసేశాడు.

"ఏట్రా, ఆగిపోనారు?" అంటూ మా వాడు కళ్లు తెరిచాడు. నన్ను చూశాడు. దండ తెంపి నీళ్లలో పారేశాడు.

"కన్న కొడుక్కి ఎదురొస్తావేటే?"

ఆ మాట అనేసి ఇంటికి వెళ్లిపోయాడు. ఏరు తగ్గి సముద్రం తేటబడింది. ఆ తర్వాత మొదటిసారి వల భుజానేసుకున్న రోజు గుమ్మం దగ్గర ఆగాడు.

"ఇయ్యాల కూడా ఎదురొస్తావేటి?"

"యాటకెల్లినోడికి నానెప్పుడడ్డొచ్చినాను? ఎల్లు. పడుకోకు, అంతే."

వాడు నవ్వలేదు. నేను ఎవరికీ కనపడకుండా ఓ గోడ వెనక నిలబడి చూశాను. పడవ అల మీదికి లేచి కింద పడింది, మళ్లీ లేచింది.

ఇప్పటికీ అంతే. వాడు నిలబడి ఉన్నాడా లేదా అనే చూస్తాను. అలలు దాటాక నా చూపు ఆనదు.