క్వార్టర్ నంబరు తెలిసినవాడు

పదకొండేళ్లుగా ఒక మనిషి తన బుర్రని తాను నమ్మడం లేదు. అందుకు కారణం నేను. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు, మా ఆవిడతో కూడా. ముప్పయ్యేళ్లు ఊళ్లోవాళ్ల తప్పులు రాసి బతికినవాణ్ణి. నాదొకటి రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

ఆయన్ని సూరిబాబు అంటాను. అసలు పేరు అది కాదు. నా పేరు మీరు అడగరని నమ్మకం.

విశాఖలో ఒక దినపత్రిక డెస్కులో చీఫ్ సబ్ ఎడిటర్‌గా పనిచేసేవాణ్ణి. సూరిబాబు పేజీలు కట్టే విభాగానికి ఇన్‌ఛార్జ్. తండ్రి ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాడు. అంతకుముందు వాళ్లది శ్రీకాకుళం పక్క సేద్యం. నన్ను బావ అనేవాడు. నేనూ బావ అనేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు.

ముందు ఆట సంగతి చెప్పాలి. అది లేకపోతే మిగతాది అర్థం కాదు.

ఆ ఏడాది ఆదివారం అనుబంధానికి ఒక వ్యాసం రాశాను. హ్యాకింగ్ ఆటలు పిల్లల్ని దొంగల్ని చేస్తున్నాయని, తల్లిదండ్రులు మేలుకోవాలని. గట్టిగా రాశాను. మెచ్చుకుంటూ ఉత్తరాలు వచ్చాయి. ఒక కార్డు మీద మాత్రం ఒకే వాక్యం ఉంది: "అయ్యా, మీరు ఆ ఆట ఆడారా?"

ఆడలేదు. విన్నది రాశాను. ఆ కార్డు వారం రోజులు గుచ్చింది. చివరికి ఒక ఆట కొన్నాను. పొద్దున్నే లేచి, ఇంట్లోవాళ్లు కాఫీకి లేచేలోగా ఆడేవాణ్ణి. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. మీరొక కిరాయి చొరబాటుదారు. ఎవరిదో కంప్యూటర్‌లోకి వెళ్లాలి, చెప్పిన ఫైలు మార్చాలి, జాడ చెరిపేసి బయటపడాలి. ఆలస్యమైతే బీప్ శబ్దం దగ్గర పడుతుంది. నలభై ఏడేళ్ల వయసులో నాకు గుండె దడదడలాడేది.

అందులో నిజమెంత? ఎక్కువ భాగం అబద్ధమే. తాళం విడిపోతుంటే పచ్చ గీత నిండుతూ రాదు. మనల్ని పట్టుకోవడానికి వచ్చేవాడు బీప్ కొట్టుకుంటూ రాడు. కానీ ఒకటుంది. ఆ ఆటలో గట్టి తాళాలేవీ ప్రోగ్రాముతో తెరుచుకోవు. ఆ మనిషి రాసుకున్న ఉత్తరాలు చదవాలి. ఏది పోగొట్టుకున్నాడో, దేన్ని తలుచుకుంటాడో కనిపెట్టాలి. మనిషి తనకి ప్రాణమైనదాన్నే తాళంగా పెట్టుకుంటాడు. అన్నేళ్ల రిపోర్టింగు నాకు నేర్పనిది ఆ ఆట రెండు నెలల్లో నేర్పింది.

ఇక ఆ సాయంత్రం.

మా జిల్లా పేజీలు చీకటి పడేసరికే మూసేస్తారు. చివరి పేజీలో మూడు కాలమ్‌ల వార్త ఉంది. కాలేజీ పరీక్షల సర్వర్‌లో చొరబడి మార్కులు దిద్దుకున్న విద్యార్థిని. అమ్మాయి పేరు, తండ్రి ఉక్కు ప్లాంటులో ఏ విభాగమో, కూర్మన్నపాలెంలో ఏ వీధో, అన్నీ ఉన్నాయి. సాక్ష్యం ఒక ఫొటో. అమ్మాయి ల్యాప్‌టాప్ తెరని ఎవరో ఫోన్లో తీసి మా విలేకరికి పంపారు. నల్లటి తెర. పేర్లు, మార్కుల పట్టిక. కింద మూల సగం నిండిన పచ్చ గీత.

ఆ గీత నేను రోజూ పొద్దున్నే చూసేదే. ఆ అమ్మాయి ఏ సర్వర్‌లోనూ లేదు. ఆటలో ఉంది. ఆ ఘట్టం నేను రెండు వారాల కిందటే దాటాను.

లేచి నిలబడి, అది ఆట, నేనూ ఆడతాను అంటే సరిపోయేది. అర నిమిషం పని. ఎందుకు అనలేదు? నవ్వుతారనా? అదొక్కటే కాదు. ఆదివారం వ్యాసం కింద ఉన్నది నా పేరు. ఆ ఆటల్ని తిట్టి మెప్పు పొందినవాణ్ణి, అదే ఆట రోజూ ఆడుతున్నానని పాతికమంది ముందు ఎలా చెప్పను? ఒక ఆడపిల్ల పరువుకీ నా పరువుకీ మధ్య కూర్చుని, రెండూ దక్కే దారి వెతికాను. అలాంటి దారి వెతకడమే తప్పని ఇప్పుడు అనిపిస్తుంది.

పేజీ ప్రింటు తీసి, చదివి, దాని మీద సంతకం పెట్టి, కంప్యూటర్‌లో పేజీకి తాళం వేసి టీకి దిగడం సూరిబాబు అలవాటు. అచ్చుకి ప్లేటు చేసేవాళ్లు ఆ పేజీ తీసుకునేలోగా పావుగంట ఉంటుంది. తాళం వేసిన పేజీ ఆయన పేరుతో తప్ప తెరుచుకోదు.

నా సీట్లోనే కూర్చుని ఆయన పేరు కొట్టాను. పాస్‌వర్డ్ దగ్గర కూతురి పేరు. కాదంది. బండి నంబరు. కాదంది. మూడోది తప్పితే మూసుకుపోతుంది.

చేతులు తీసేసి ఆలోచించాను. ఈ మనిషి ఏం పోగొట్టుకున్నాడు?

ప్లాంటు వాళ్ల కాలనీ ఉక్కునగరంలో పెరిగినవాళ్లని ఏ ఊరని అడిగితే సెక్టారు, క్వార్టర్ నంబరు చెబుతారు. ఫలానా నంబరోళ్ల అబ్బాయి అంటేనే గుర్తు. తండ్రి రిటైరైన నెలలో ఇల్లు ఖాళీ చేసి తాళంచెవులు అప్పగించి వచ్చిన కథ, నంబరుతో సహా, సూరిబాబు నాకు ఎన్నిసార్లు చెప్పాడో. తను నాటిన సపోటా మొక్క అప్పుడే కాపుకొచ్చిందట. ఇల్లు కంపెనీది. నంబరు మాత్రం ఆయనది.

ఆ నంబరు కొట్టాను. తెరుచుకుంది.

వార్త, ఫొటో తీసేశాను. చేపల రేవులో ఐసు కొరత మీద సిద్ధంగా ఉన్న వార్త ఆ ఖాళీలో పెట్టాను. అతికినట్టు సరిపోయింది. తాళం వేసి బయటికొచ్చాను. మొత్తం ఆరు నిమిషాలు.

గర్వపడ్డానా అంటే, పడ్డాను. ఇప్పటికీ పడుతున్నాను. దాచి ప్రయోజనం లేదు. పది రోజుల తర్వాత ఆ కాలేజీవాళ్లే, సర్వర్‌ని ఎవరూ ముట్టుకోలేదని, మార్కులు ఎక్కించడంలో పొరపాటని తేల్చారు. అచ్చయి ఉంటే ఆ సంగతి ఎవరు పట్టించుకునేవారు? సవరణ వేస్తే అంగుళం వేస్తాం. నా పేరుతో వచ్చిన వార్తలు వేలున్నాయి. నేను చేసిన మంచి పని మాత్రం, అచ్చులోకి రాకుండా ఆపిన ఆ ఒక్క వార్త. ఈ వాక్యం రాస్తుంటే కూడా వెన్ను నిటారవుతోంది. చూడండి, ఒప్పుకోడానికి కూర్చుని ఏం చేస్తున్నానో.

మర్నాడు ఎడిషన్ ఇన్‌ఛార్జ్ సూరిబాబుని పిలిచాడు. సాయంత్రం సూరిబాబు నన్ను టీ బడ్డీకి తీసుకెళ్లాడు.

"ఏటి బావ, నాను తీసేనంతన్నారు." గ్లాసు చేతిలో ఉంది. తాగడం లేదు.

"ఎవరు?"

"ఎవులేటి, పెద్దాయనే. కంప్యూటర్ సెప్తందంట. ఏడూ పదికి నా పేరుతోటే తెరిసేరంట. మీ ప్లాంటోల పిల్లని కాపాడుకున్నావా అనడిగేడు. ఆ పిల్లెవులో నాకేటి తెల్సు?"

"నీ పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పావా?"

ఆ ప్రశ్న నేనే అడిగాను.

"మా ఇంటిదానికే తెల్దు. మా నాన్న క్వార్టర్ నంబరది. నాకు తప్ప ఎవుడికి తడతాది బావ?" కాసేపు రోడ్డు మీద లారీల్ని చూశాడు. "నానే తీసేసుంటానా? టీకి దిగిపోయేననే గ్యాపకం. మళ్లీ పైకెల్లేనేటి? మొన్న హెల్మెట్టు ఫ్రిజ్ మీదెట్టి ఇల్లంతా ఎతికేను. మా అమ్మాయి ఒకటే నవ్వు. నువ్వే సెప్పు బావ, నానే సేసుంటానా?"

కళ్లు నా మీదే ఉన్నాయి. అనుమానంతో కాదు. దిక్కు కోసం.

"పని ఒత్తిడి బావ. ఒక్కోసారి అలా అవుతుంది," అన్నాను.

"అంతేనంతావా?"

"అంతే."

తలూపాడు. అప్పుడు టీ తాగాడు.

పేజీ తెరవడం ఒక తప్పు. దానికి నా దగ్గర సమాధానం ఉంది. ఈ రెండోదానికి లేదు. మొదటిదానికి పాస్‌వర్డ్ ఊహించాల్సి వచ్చింది. రెండోసారి ఆయనే తలుపు తెరిచి, లోపలికి రా బావ అన్నాడు. వెళ్లి, ఆయన జ్ఞాపకాన్ని మార్చి వచ్చాను.

ఆయన్ని పేజీల నుంచి తప్పించి ప్రకటనల విభాగంలో వేశారు. ఆరు నెలలకి మానేసి పరవాడలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో చేరాడు. అక్కడ పేరు తెచ్చుకున్నాడని విన్నాను. ఎందుకంటే ప్రతిదీ మూడుసార్లు చూస్తాడట. ఇంటికి తాళం వేసి గాజువాక దాకా వెళ్లి, వేశానా లేదా అని వెనక్కి వస్తారని వాళ్లావిడ ఒక పెళ్లిలో నవ్వుతూ చెప్పింది. ఆయనా నవ్వాడు. "ఆ పేజీ కాడ్నుంచీ ఇంతే," అన్నాడు. నేనూ నవ్వాను.

ఇప్పుడు రిటైరై కాలేజీలకి వెళుతుంటాను. ఆన్‌లైన్ మోసాల మీద మాట్లాడతాను. అదే ఆట తెర మీద వేసి చూపిస్తాను. ఇది అబద్ధం, ఇది నిజం అని విడదీసి చెబుతాను. బాగా చెబుతానని పేరుంది. పోయిన నెల గోపాలపట్నం వైపు ఒక కాలేజీలో, ముందు వరుసలో ఉన్న అమ్మాయి లేచి అడిగింది, నిజంగా ఎప్పుడైనా ఎవరిదైనా తెరిచారా సార్ అని. లేదమ్మా అన్నాను. హాలంతా చప్పట్లు.

ఆ పిల్లలకి చెప్పాల్సింది అప్పుడు చెప్పలేదు. ఆటలో మనం వేరొకరి పేరుతో లోపలికి వెళితే, చివర్న ఆ పేరు చెరిగిపోతుంది. అసలు కంప్యూటర్ దాన్ని రాసి పెట్టుకుంటుంది. ఆ పేరుకి ఒక మనిషి ఉంటాడు. మర్నాడు టీ గ్లాసు పట్టుకుని మన ఎదురుగా నిలబడతాడు. ఏ ఆటా నాకు ఆ ఘట్టం చూపించలేదు. చూపించి ఉంటే నేర్చుకునేవాణ్ణా? ఏమో.

క్షమించమని ఈ రాత రాయలేదు. మీరు క్షమించగలిగేది కాదు, ఆయన్ని అడిగే మొహం నాకు లేదు. కానీ సూరిబాబు ఇప్పటికీ అచ్చులో కనపడిందల్లా చదువుతాడు, పెన్ను పట్టుకుని, తప్పులు దిద్దుకుంటూ. ఇదీ చదువుతాడు. సపోటా మొక్క దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాడు.

బావ, నీ నంబరు ఇక్కడ రాయలేదు. ఇంకా ఎక్కడో వాడుతూనే ఉంటావు, మార్చెయ్యి.

ఆ రోజు నువ్వు సంతకం పెట్టి టీకి దిగావు. మళ్లీ పైకి రాలేదు. నీకు గుర్తున్నదే నిజం. పేజీ తెరిచింది నేను.