భయంతోనే మలావికి

ఆ ఆదివారం ఆరాధన ముగింపులో మా చర్చి అయ్యగారు ఒక సంగతి చెప్పారు. ఆఫ్రికాలోని మలావి దేశంలో ఒక మిషన్ ఆసుపత్రి ఉందట. అక్కడికి కరెంటు పని తెలిసిన మనిషి ఒకరు, నర్సు ఒకరు కావాలట. "ఎవరన్నా పోయేవాళ్లుండారా?" అని ఆయన అడగ్గానే మగవాళ్ల వైపు నుంచి నా భర్త లేచి నిలబడ్డాడు.

"మేం పోతామయ్యా" అన్నాడు.

నేను ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుని ఉన్నాను. ఒళ్లో ఆరేళ్ల కూతురు నిద్రపోతోంది. 'మేం' అన్న మాట తర్వాత నాకింకేమీ వినపడలేదు. పక్కనున్నామె నా చెయ్యి పట్టుకుని "స్తోత్రం, స్తోత్రం" అంటోంది. అంత ఎండలో నా చెయ్యి ఎంత చల్లబడిపోయిందో ఆమెకు తెలిసే ఉంటుంది.

ఆయన ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్. నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాన్పుల వార్డు నర్సును. మాకు కంపెనీ క్వార్టర్స్ ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో ట్యాంకర్ కోసం బిందెలు వరుస కట్టే రోజుల్లోనూ మా కుళాయి ఆగేది కాదు. రోజూ కిటికీల మీది దుమ్ము తుడుచుకోవడం తప్ప నాకు వేరే కష్టం లేదు. మా అవ్వ, తాత ఇతరుల చేలలో శనక్కాయలు పెరికి బతికినవాళ్లు. వాళ్ల మనవరాలు ఏసీ గదిలో పడుకుంటోంది. ఆ గది వదిలిపెట్టడమంటే తిరిగి ఆ చేలోకి దిగడమేనని నాకనిపించింది.

ఇంటికొచ్చాక అడిగాను. "నన్నొక మాట అడిగితివా?"

"నాకే తెలీకుండా లేచి నిలబడితిని. నీకూ ఇష్టముంటాదనుకుంటి" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూస్తే నాకింకా భయమేసింది. వెళ్లి అన్నం వండాను.

వైద్య పరీక్షలకు కడప వెళ్లాం. ఛాతీ ఎక్స్‌రే తీసే గదిలో, చల్లటి పలకకు గడ్డం ఆనించి, నా ఊపిరితిత్తుల్లో ఒక మచ్చ కనపడాలని ప్రార్థన చేశాను. చిన్నదైనా చాలు, ఎవరి మీదా నింద పడకుండా ప్రయాణం ఆగిపోతుంది. ఫిల్ము నేనే వెలుతురుకు పెట్టి చూసుకున్నాను. ఎక్కడా ఏమీ లేదు.

ఆ వారమే రాయచోటిలో టీచరుగా ఉన్న మా అక్క దగ్గరికి వెళ్లాను. అందరూ మమ్మల్ని పొగుడుతున్న సమయంలో, ఆమె ఒక్కతే పెరట్లో బట్టలారేస్తూ నా మొహంలోకి చూసింది.

"నీకు పోవాలని ఉండాదా?"

"బయమైతాందక్కా. అన్నం గూడా పోవడంల్యా."

"ఆ మాట ఆయప్పకు చెప్పినావా?"

"ల్యా."

"చెప్పు మరి. ఈడ చెప్పలేనిదానివి ఆడికి పోయి యాడ దాచుకుంటావు?"

బస్సు దిగి ఇంటికి రాగానే ఆయనకు చెప్పేశాను. జ్వరాలంటే భయం, పాపకు ఏమన్నా అవుతుందని భయం, తెలియని భాషలో బతకాలంటే భయం. ఆయన అంతా విన్నాడు. తర్వాత, "నీకొద్దంటే పోం. అయ్యగారికి నేనే చెప్తా" అన్నాడు.

నాకు నిశ్చింత కలగాల్సింది. కానీ భయం రెండింతలైంది. అంతవరకూ నన్నెవరో లాక్కుపోతున్నారని అనుకోవడానికి వీలుండేది. ఇక నిర్ణయం నాదే.

రెండు రోజుల తర్వాత మలావి ఆసుపత్రి పెద్ద నర్సు వీడియో కాల్ చేసింది. ఫోను చేత్తో పట్టుకుని మాకు వార్డు చూపిస్తోంది. మంచాలు చాలక ఒక బాలింత కింద పడుకుని ఉంది. మాట్లాడుతుండగానే పక్కగదిలో ఎవరో నొప్పులతో అరిచారు. ఆమె ఫోను బల్ల మీద పెట్టి పరుగెత్తింది. చాలాసేపు మాకు పైకప్పు రేకులు మాత్రమే కనపడ్డాయి. ఆ కేక కాన్పు ఏ దశలో వస్తుందో నాకు తెలుసు. ఆ నర్సు అక్కడ ఒంటరిగా ఉందని కూడా తెలుసు.

ఆమె తిరిగొచ్చి, రొప్పుతూ ఇంగ్లీషులో "వస్తున్నారా?" అని అడిగింది. "వస్తున్నాం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. విమానం ఎక్కేదాకా భయం తగ్గలేదు.

మలావిలో వానలు మొదలైన నెలలోనే నేను భయపడ్డది జరిగింది. పాపకు మలేరియా పట్టింది. పొద్దున బడికి వెళ్లిన బిడ్డను మధ్యాహ్నం ఆయన భుజాన వేసుకొచ్చాడు. ఒళ్లు కాలిపోతోంది. వార్డు గుమ్మం దగ్గరే ఫిట్సు వచ్చాయి. ఎంతమంది పిల్లలకో సూది గుచ్చిన నా చేతికి నా బిడ్డ నరం దొరకలేదు. పెద్ద నర్సు నా చేతిలోంచి సూది తీసుకుని, "ఇప్పుడు నువ్వు నర్సువి కాదు, తల్లివి. అటు కూర్చో" అంది.

వరండాలో ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయన మీద పడి అరవాలని వెళ్లాను. "నువ్వే గదా లేచి నిలబడింది!" అన్న మాట నాలుక మీదే ఉంది. అంతలో ఆయనే నోరు తెరిచాడు.

"నాకు బయమైతాంది. మొదటినుంచీ బయమే. నీతో చెప్తే నువ్వింకా బయపడతావని చెప్పలా" అన్నాడు.

నేను అరవలేదు. పక్కన కూలబడ్డాను. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని, మాటల్లేని ప్రార్థన చేశాం.

మర్నాడు సాయంత్రం పాప కళ్లు తెరిచి ఉగ్గాని కావాలంది. ఉగ్గాని చెయ్యడానికి బొరుగులు ఆ దేశంలో ఎక్కడ దొరుకుతాయి? పక్క మంచం పిల్లవాడి తల్లి తన గిన్నెలోంచి మొక్కజొన్న జావ పెట్టింది. పాప మొహం చిట్లించి మింగింది. ఆ మింగిన చప్పుడు విని నేను ఏడ్చాను.

"ఇంటికి పోదామా?" అని ఆయనే అడిగాడు. నేను ఎదురుచూసిన ప్రశ్న అది. "పాప నడవనీ, చూద్దాం" అన్నాను. పాప నడిచింది, పరుగెత్తింది. ఈలోగా నేను డ్యూటీకి వెళ్లాను. ఆ మాట మా మధ్య మళ్లీ రాలేదు.

ఇది ఇక్కడ మాకు రెండో ఏటి వానాకాలం. ఫోనులో ఊరివాళ్లు "శానా ధైర్యమమ్మా నీది" అంటారు. కాదంటే నమ్మరు. నిన్న దోమతెరకు పడిన చిల్లులు కుట్టాను. పాప తుమ్మినా ఇప్పటికీ నా గుండె జారిపోతుంది. నుదురు తాకి చూసి, చల్లగా ఉంటే వార్డుకు బయలుదేరతాను.